అమ్మమ్మ పెట్టిన ముద్ద... అక్క మోసిన బరువు

ఇప్పటి పిల్లలు ప్రతిదానికీ ఓ పేరు పెట్టేశారు. స్నేహితురాలి ఇంట్లో ఒక రాత్రి పడుకుంటే అది 'స్లీప్ ఓవర్'. పక్కింటి చంటిదాన్ని రెండు గంటలు ఆడిస్తే 'బేబీ సిటింగ్'. ఇంటిల్లిపాదీ ఒకే వేళకి భోజనానికి చేరితే 'ఫ్యామిలీ డిన్నర్'. దానికి ముందు రోజు నుంచే ఫోన్లో మెసేజీలు, అయ్యాక ఫొటోలు!

మన చిన్నతనంలోనూ ఇవన్నీ ఉండేవి. పేర్లే లేవు. వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్లడం, డజనుమంది పిల్లలు ఒక్క పళ్లెం చుట్టూ చేరడం, పిన్నిగారి చంటాణ్ణి వంతులేసుకుని ఎత్తుకోవడం, రాత్రయితే వాకిట్లో వరసగా చాపలేసుకుని పడుకోవడం... మనలో ఏ నలుగురు కలిసినా పది నిమిషాల్లో మాట అటే మళ్లుతుంది. 'ఆ రోజులే వేరు' అని ఓ నిట్టూర్పుతో ముగుస్తుంది.

నిజమే, ఆ రోజులు వేరు. అయితే ఎవరికి ఎలా వేరు? పంక్తిలో కూచున్నవాళ్లకీ, వడ్డించినవాళ్లకీ ఒకేలా ఉన్నాయా? ఆడుకున్నవాళ్లకీ, చంటిపిల్లను చంకనేసుకుని ఆ ఆట చూస్తూ నిలబడ్డవాళ్లకీ ఒకేలా గుర్తున్నాయా? మన పిల్లలకి ఆ రోజుల్ని కాస్తయినా రుచి చూపించాలని ఆశపడేవాళ్లం ఈ సంగతి ఒక్కసారి ఆలోచించుకోవాలి. ఎందుకంటే జ్ఞాపకాల్లో మంచిదీ ఉంటుంది, మనకి తెలియకుండానే దాని కొంగు పట్టుకుని వచ్చేదీ ఉంటుంది.

ఒక్క పళ్లెం, పన్నెండు చేతులు

మా అమ్మమ్మగారిది కోనసీమలో ఓ పల్లెటూరు. అప్పట్లో అది తూర్పుగోదావరి జిల్లా. 2022లో కోనసీమ వేరే జిల్లా అయింది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి ముక్తేశ్వరంలో దిగితే చాలు, సగం ఊరు చేరినట్టే లెక్క మాకు. చుట్టూ కొబ్బరితోటలు, మధ్యలో మండువా లోగిలి. వానొస్తే నాలుగు వైపుల నుంచీ నీళ్లు మండువాలోకి ధారలు కట్టేవి.

మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి పిల్లలందర్నీ కేకేసేవారు. అమ్మమ్మ పెద్ద ఇత్తడి పళ్లెంలో అన్నం కుమ్మరించి, ముద్దపప్పు, కొత్త ఆవకాయ, ఇంట్లో కాచిన నెయ్యి వేసి కలిపేది. మేం చుట్టూ బాసింపట్లు వేసుకుని చెయ్యి చాచేవాళ్లం. ఒక్కొక్కళ్ల అరచేతిలో ఒక్కో ముద్ద. రెండోసారి పప్పుపులుసు అన్నం వచ్చినప్పుడు ముద్ద మధ్యలో బొటనవేలితో చిన్న గుంట చేసి, అందులో ఇంకాస్త పులుసు పోసేది. అది కారి మోచేతి దాకా వచ్చేలోపు నోట్లో వేసుకోవాలి. అదో పందెం! ఆఖరున గడ్డపెరుగు అన్నం, నంజుకోవడానికి మామిడిపండు ముక్క. పనసపొట్టు కూర వండిన రోజున, కొబ్బరి అన్నం చేసిన రోజున పిలవక ముందే హాజరు.

ఆ పళ్లెంలో ఎంత తెలివి ఉందో పెద్దయ్యాక గాని అర్థం కాదు. పన్నెండుమందికి పన్నెండు కంచాలు కడగక్కర్లేదు, అదొకటి. ఎవరు ఎన్ని ముద్దలు తిన్నారో, ఎవరు పక్కవాడి చేతిలోకి తోసేశారో అమ్మమ్మకి అన్నీ లెక్కే. మూడో ముద్దకే తల తిప్పేసిన పిల్లకి సాయంత్రానికి జ్వరం వస్తుందని ముందే పసిగట్టేది. కాకరకాయ తినని పిల్లాడు కూడా, పక్కన అయిదుగురు తింటూంటే, పరువు కోసమైనా తినేసేవాడు. 'ఇది నాకు వద్దు, అది చేసిపెట్టు' అనే మాట అక్కడ చెల్లేది కాదు. అలాగని బలవంతమూ లేదు. ముద్ద చిన్నదయ్యేది, అంతే.

ఇప్పుడు పిల్లల అన్నం గురించి డాక్టర్లు చెప్పేదీ దాదాపు ఇదే కదా! అందరితో కలిపి కూచోబెట్టండి, పెద్దవాళ్లు తినేదే పెట్టండి, బతిమాలొద్దు, టీవీ, ఫోను చూపిస్తూ పెట్టొద్దు అంటున్నారు. 1995లో తెలుగులో ప్రైవేటు చానళ్లు మొదలయ్యాక మన ఇళ్లలో పంక్తి ముఖం టీవీవైపు తిరిగింది. ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి అసలు పంక్తే లేకుండా చేశాయి. కంచం ఒకరిది సోఫాలో, ఒకరిది మంచం మీద, ఒకరిది కంప్యూటర్ ముందు.

ఆఖరి పంక్తి

ఇంతవరకూ చెప్పుకున్నది మొదటి పంక్తి. పిల్లల తర్వాత మగవాళ్ల పంక్తి. తాతగారు, మావయ్యలు, ఊళ్లోంచి పని మీద వచ్చిన ఇద్దరు ముగ్గురు. వాళ్లు తిని, చేతులు కడుక్కుని, వీధరుగు మీద నడుం వాల్చేసరికి ఒంటిగంటన్నర. అప్పటికింకా వంటింట్లో నలుగురు ఆడవాళ్లు పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టి ఉండరు.

వాళ్లు కూచునేది రెండున్నరకో, మూడింటికో. గిన్నెల అడుగున ఉన్నదే వాళ్ల కూర. పిల్లలు వదిలేసిన పప్పు, మూకుడు అంచున మాడిన వేపుడు, చల్లారిన అన్నం. నెయ్యి గిన్నె అప్పటికే ఖాళీ. కొత్తకోడలిగా వచ్చిన అత్త మూకుడులో అన్నం వేసి తుడుచుకు తినేది. 'ఇందులోనే రుచంతా ఉంటుందే' అని నవ్వేది కూడా. రుచి ఉండే ఉంటుంది. అయితే చూలింతగా ఉన్న మనిషికి కావలసిన బలం మాత్రం అందులో లేదు.

అంతకన్నా ఆఖరు పంక్తి ఇంకొకటి ఉండేది. ఇంటి వెనక, పెరట్లో, అరటాకు ముక్కలో. అంట్లు తోమడానికి వచ్చే ఆవిడా, ఆవిడ ఎనిమిదేళ్ల కూతురూ అక్కడ తినేవారు. ఆ పిల్ల పొద్దుటి నుంచీ మాతో తొక్కుడుబిళ్ల ఆడేది, పిన్ని కొడుకుని ఎత్తుకునేది. ఉయ్యాల ఊపడానికి గడప లోపలికి వచ్చిన పిల్ల, అన్నం వేళకి మాత్రం గడప బయటే. ఒక్క పళ్లెం చుట్టూ కూచున్న పన్నెండు చేతుల గురించి మురిసిపోయేటప్పుడు ఆ పదమూడో చెయ్యి సంగతి కూడా చెప్పుకోకపోతే ఆ జ్ఞాపకం సగమే అవుతుంది.

ఆఖరి పంక్తి పాత కథే అనుకుంటే పొరపాటు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, వెంట వెంటనే కాన్పులు, కడుపులో నులిపురుగులు, ఇనుము తక్కువున్న తిండి. ఆ చివరి కారణానికి మన ఆఖరి పంక్తికీ చుట్టరికం ఉంది. ఆకుకూర, పప్పు, గుడ్డు, మాంసం ఏదయినా ముందు పంక్తుల్లోనే అయిపోతే, వండిన చేతికి మిగిలేది చారూ, మజ్జిగా.

ఇక్కడ ఒక చిన్న సంగతి. అన్నం తినగానే కాఫీయో టీయో తాగే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. గంటో గంటన్నరో ఆగి తాగితే మంచిది. పప్పులో నిమ్మకాయ పిండుకున్నా, భోజనంతో ఓ ఉసిరికాయో జామకాయో తిన్నా ఇనుము బాగా పడుతుంది. అయినా ఇవన్నీ తర్వాతి సంగతులు. ముందు వేళకి కూచోవాలి కదా!

అక్కకి సెలవుల్లేవు

చంటిపిల్లల్ని చూసుకోవడం అనేది మా రోజుల్లో ఎవరో ఒకరికి అప్పజెప్పే పని కాదు. చేతికి ఎవరు దొరికితే వాళ్లు ఎత్తుకునేవారు. అలా అని మనం చెప్పుకుంటాం. జాగ్రత్తగా గుర్తు చేసుకుంటే 'ఎవరు దొరికితే వాళ్లు' అన్నది ఎప్పుడూ పన్నెండు పదమూడేళ్ల ఆడపిల్లే. అదే వయసు మగపిల్లాడు ఆ వేళకి కాలవలో ఈత కొడుతూనో, తోటలో ముంజలు కొట్టిస్తూనో ఉండేవాడు.

మా పెద్దమ్మ వాళ్లదీ అమ్మమ్మ ఊరే. వాళ్ల పెద్దమ్మాయిని మేమంతా పెద్దక్క అనేవాళ్లం. ముగ్గురాడపిల్లల తర్వాత ఆ ఇంట్లో మగపిల్లాడు పుట్టాడు. పెద్దమ్మకి పాడీ, పొలం పనీ. బాలింత పథ్యం ముగియగానే పనిలోకి దిగాలి. పిల్లాణ్ణి ఎవరు చూస్తారు? పెద్దక్క ఏడో తరగతి మధ్యలో ఉంది. 'ఈ ఒక్క ఏడాదికీ మానిపిద్దాం' అనుకున్నారు. ఆ ఒక్క ఏడాది అలాగే ఉండిపోయింది.

ఆ తమ్ముడు నడక నేర్చేసరికి పిన్ని కాన్పుకి వచ్చింది. ఆ చంటివాడూ పెద్దక్క చంకెక్కాడు. సెలవుల్లో మేం వెళ్లేసరికి ఎప్పుడూ ఆమె ఎడమ చంకలో ఓ పిల్లో పిల్లాడో ఉండేవారు. దాగుడుమూతల్లో పెద్దక్క ఎప్పుడూ పెద్ద పోస్టే... కళ్లు మూసే పోస్టు. పరిగెత్తక్కర్లేదు కదా!

పిల్లల్ని సాకడంలో మాత్రం ఆమెకి రానిది లేదు. నెల పిల్ల మెడకింద చెయ్యేసి ఎత్తడం, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, చీరతో ఉయ్యాల కట్టి ముడి గట్టిదో కాదో ముందు తన చేత్తో లాగి చూడటం, ఏడుపు వినగానే అది ఆకలో, నిద్రో, కడుపు నొప్పో చెప్పేయడం. ఈ పనికి జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టుకునే రోజులొచ్చాయి ఇప్పుడు. పెద్దక్కకి అందిన జీతం 'మా పెద్దది బంగారం' అన్న ఒక్క మాట.

చదువు మీద ఆశ మాత్రం చావలేదు. కొట్టు నుంచి వచ్చిన పొట్లాం కాగితాలు విప్పి, చేత్తో సాపు చేసి చదివేది. సీరియల్ మధ్యలో ఒక పేజీ దొరికితే దాని ముందూ వెనకా కథ తనే అల్లి మాకు చెప్పేది. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతూ, చేతిలో కాగితం పట్టుకుని... ఆ బొమ్మ నా కళ్ల ముందు నుంచి చెరగదు.

ఇటీవల ఓ పెళ్లిలో కలిసినప్పుడు ఆ సెలవుల కబుర్లు వచ్చాయి. అందరం పోటీలు పడి చెప్పుకుంటున్నాం. పెద్దక్క చిరునవ్వుతో వింటూ కూచుంది. 'నీకేం గుర్తుందక్కా?' అని అడిగాను.

'మీకు సెలవులమ్మా. నాకేవీ సెలవులు? మీరు వచ్చారంటే నాకు ఇంకో నలుగురు పిల్లలు పెరిగినట్టే' అంది. కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఇలాంటి అక్కలు ఊరికి ఎంతమంది! 1991 జనాభా లెక్కల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత మగవాళ్లలో 55 శాతం, ఆడవాళ్లలో 33 శాతం లోపే. ఆ తేడాకి ఎన్నో కారణాలు. బడి దూరం, పేదరికం, తొందరగా పెళ్లి. వాటి పక్కన చంకలో తమ్ముణ్ణి కూడా చేర్చాలి.

తర్వాత కొంత మారింది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద అంగన్‌వాడీలు ఊరూరా వ్యాపించాయి. మూడేళ్లు నిండిన చంటిది అంగన్‌వాడీకి వెళ్తే, దాని అక్క బడికి వెళ్లే వీలు దొరికింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య హక్కని చెప్పింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవుని మొదటి రెండు కాన్పులకీ 26 వారాలకి పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. మంచిదే. కాని పొలంలో, ఇళ్లలో, చిన్న దుకాణాల్లో పనిచేసే తల్లి చంటిపిల్ల ఎక్కడుండాలి? ఇప్పటికీ అది ఆ ఇంటి పెద్దమ్మాయి ఒళ్లోనో, అరవై దాటిన అమ్మమ్మ ఒళ్లోనో ఉంటోంది.

పట్నాల్లోనూ అంతే. కూతురికో, కోడలికో ఉద్యోగం. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ మూడో అంతస్తు ఫ్లాట్‌లో మనవడి వెనక పరుగులు. ఆవిడ సొంత ఊరు, సొంత చెట్టు, సొంత స్నేహితులు అన్నీ వదులుకుని వచ్చింది. 'నీకేం పనమ్మా, హాయిగా పిల్లాడితో ఆడుకోవడమేగా' అంటాం! 2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన కాల వినియోగ సర్వేలో ఒక లెక్క చూడండి. జీతం లేని ఇంటిపనిలో పాలుపంచుకునే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. అంటే దాదాపు అయిదు గంటలు. పాలుపంచుకునే మగవాళ్లు 88 నిమిషాలు. గంటన్నర కూడా లేదు. చంక మారింది గాని, బరువు ఆడవాళ్ల ఇలాకా దాటలేదు.

ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి

చంటిపిల్లల పెంపకంలో పెద్దవాళ్లు నేర్పినవి కొన్ని ఇప్పటికీ బంగారమే. ఒంటికి నూనె రాసి మెత్తగా మర్దన చేయడం, ఒళ్లో వేసుకుని పాడుతూ జోకొట్టడం, ఎప్పుడూ ఎవరో ఒకరి ఒంటి వెచ్చదనంలో ఉంచడం. వీటిని ఏ డాక్టరూ కాదనడు.

కొన్ని మాత్రం మొహమాటపడకుండా వదిలేయాలి. పుట్టగానే తేనె నాకించొద్దు. ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదు, దానిలో ఉండగల సూక్ష్మజీవుల వల్ల పసివాళ్లకి ప్రమాదం. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. ఉగ్గుగిన్నెతో ఆముదం, వస అరగదీసిన రసం, ఆఖరికి మంచినీళ్లు కూడా వద్దు. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయొద్దు. గదినిండా సాంబ్రాణి పొగ పెట్టి అందులో పసిపిల్లను పడుకోబెట్టొద్దు. ఈ మాటలు అత్తగారికి చెప్పాలంటే ఇబ్బందే. 'మీ అబ్బాయి అలాగే పెరగలేదూ' అంటారు. తగువు పెట్టుకోకుండా, టీకాకి వెళ్లేటప్పుడు ఆవిణ్ణీ వెంట తీసుకెళ్లి డాక్టరు చేతే చెప్పించండి. డాక్టరు మాటంటే ఆవిడకీ గౌరవమే.

వాకిట్లో పడకలు

సాయంత్రం వాకిలంతా నీళ్లు చల్లేవారు. మట్టి వాసన లేచేది. నులకమంచాలు పెద్దవాళ్లకి. పిల్లలకి చాపలూ, వాటిమీద పాతచీరలతో కుట్టిన బొంతలూ. అమ్మమ్మ పక్కన ఎవరు పడుకోవాలన్నది రోజూ తగువే. అటొకరు, ఇటొకరు... మిగతావాళ్లకి కాళ్ల దగ్గర చోటు. కథ సగంలో ఉండగానే చిన్నవాళ్లు నిద్రపోయేవారు. 'ఊఁ' కొట్టేవాళ్లు లేకపోతే అమ్మమ్మ కథ ఆపేసేది. అర్ధరాత్రి వాన చినుకు పడితే నిద్రకళ్లతో బొంతలు చుట్టుకుని లోపలికి పరుగు. మర్నాడు ఎవరి తలగడ ఎవరి దగ్గరుందో వెతుక్కోవడం.

ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంట్లో పడుకోవడం అంటే సరదా ఒక్కటే కాదు. మా అమ్మమ్మ చెప్పగా విన్న ఒక రాత్రి సంగతి ఉంది. 1996 నవంబరు 6. కోనసీమని తుపాను ముంచెత్తిన రాత్రి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. నవంబరు కదా, మేమెవరం అక్కడ లేం. చీకటి పడేసరికి మండువా మీది పెంకులు లేచిపోవడం మొదలైందట. తాతగారు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, ఒకరి వెనక ఒకరు తాడు పట్టుకున్నట్టు నడుస్తూ, వీధి చివర డాబా ఇంటికి చేరారు. అప్పటికే అక్కడ ముప్ఫైమంది. రెండు గదుల్లో తలుపులకి బల్లలు ఆనించి కూచున్నారు. పిల్లలందర్నీ మధ్యలో ఒకే వరసలో పడుకోబెట్టారు. మా పెరట్లో అరటాకులో తినే తల్లీ కూతుళ్లూ అక్కడే ఉన్నారు. ఆ ఇంటావిడ ఉన్న బియ్యమంతా వేసి గంజి కాచింది. గిన్నె ఒక్కటే, అందరి చేతులూ మారింది.

'ఆ రాత్రి గడప లేదమ్మా. తెల్లారి గాలి తగ్గాక మళ్లీ ఎవరి గడప వాళ్లకి వచ్చేసింది' అనేది అమ్మమ్మ. కాని ఒక్కటి మారిందట. ఆ తర్వాత మా అమ్మమ్మ ఆ పిల్లకి పెరట్లో అన్నం పెట్టడం మానేసింది. వంటింటి గుమ్మం లోపల, తన పక్కనే పీట వేసింది. తాతగారు ఓ మాట అనబోతే, 'చచ్చిపోతామనుకున్నప్పుడు పక్కన పడుకోబెట్టుకున్నాం కదా' అందట. మరి ఆయన మాట్లాడలేదట.

'నేనక్కడ పడుకోను'

ఇప్పుడు మన పిల్లలు ఒకరి ఇంట్లో ఒకరు పడుకోవడం తగ్గిపోయింది. సెలవుల్లోనూ క్లాసులే. ఇళ్లు చిన్నవి. బంధువులొస్తే మంచాలు చాలవు. వీటన్నిటికన్నా పెద్దది భయం. 'ఎవరింట్లో ఎవరుంటారో, ఏమవుతుందో' అన్న తల్లి గుబులు తీసిపారేయవలసింది కాదు. ఎందుకంటే ఆ గుబులు వాకిట్లో పడకల రోజుల్లోనూ ఉండవలసిందే. అందరూ అయినవాళ్లే అనుకునే చోట, 'నేను ఫలానా ఆయన పక్కన పడుకోను' అని ఏ పిల్లయినా అంటే, 'తప్పు, పెద్దవాళ్లని అలా అనకూడదు' అని నోరు మూయించేవారు. కారణం అడిగేవాళ్లు తక్కువ. నాతోపాటు పెరిగిన ఆడవాళ్లు ఇన్నేళ్ల తర్వాత ఆ మాటలు నెమ్మదిగా బయటపెడుతున్నారు.

2012లో పోక్సో చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, వాళ్లపై లైంగిక వేధింపులకి కఠినమైన శిక్షలున్నాయి. చేసినవాడు ఇంటివాడే అయితే నేరం ఇంకా తీవ్రమైనదిగా చూస్తారు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుకి ఎవరైనా ఫోను చేయవచ్చు. చట్టం ఉంది కాబట్టి భయం లేదని కాదు. భయం ఉంది కాబట్టి పిల్లల్ని గదిలో పెట్టి తాళం వేయాలనీ కాదు. కాస్త ముందుచూపు ఉంటే చాలా వరకు నిశ్చింతగా పంపవచ్చు.

పంపేముందు ఆ ఇంటికి మనం ఒకసారి వెళ్లి రావాలి. ఆ తల్లితో మాట్లాడాలి. రాత్రి ఇంట్లో ఎవరెవరుంటారో, పిల్లలు ఏ గదిలో పడుకుంటారో మొహమాటం లేకుండా అడగాలి. మంచి తల్లి ఎవరూ ఆ ప్రశ్నకి కోపగించుకోదు. మన పిల్లకి పడని తిండి, వేసుకునే మందు ఉంటే చెప్పాలి. ఒంటి గురించి, ఎవరు ఎక్కడ తాకకూడదన్న దాని గురించి పిల్లలకి చిన్నప్పుడే చెప్పి ఉంచాలి, మగపిల్లలకీ చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం... 'నీకు నచ్చకపోతే అర్ధరాత్రి అయినా ఫోను చెయ్యి, వచ్చి తీసుకొస్తాం, ఎందుకని తిట్టం' అన్న మాట ఇవ్వాలి. ఆ మాట నిలబెట్టుకోవాలి. పిల్ల 'అక్కడ పడుకోను' అంటే ముందు నమ్మాలి. కారణం తర్వాత నెమ్మదిగా అడగవచ్చు.

మళ్లీ పంక్తి వేద్దాం

ఆ రోజులు తిరిగి రావు. మండువాలు పోయాయి, డజనుమంది పిల్లలూ లేరు. ఉన్న నలుగురితోనే ఆ రుచి కొంత తెచ్చుకోవచ్చు. దానికి పెద్ద ఖర్చూ, హంగామా అక్కర్లేదు.

వారానికి ఒక్క పూట, ఆదివారం మధ్యాహ్నమే అనుకోండి, గిన్నెలన్నీ మధ్యలో పెట్టి ఇంటిల్లిపాదీ ఒకేసారి కూచోండి. వండినావిడ కూడా ఆ పూట లేచి వడ్డించదు. ఎవరికి కావలసింది వాళ్లు వేసుకుంటారు. నెయ్యి గిన్నె ముందుగా ఆవిడ దగ్గరికే వెళ్తుంది. ఇంట్లో పనికి వచ్చే మనిషి ఆ వేళకి ఉంటే ఆవిడ కంచమూ అక్కడే. చూడటానికి చిన్న మార్పే. చేసి చూడండి, ఎన్ని కనుబొమలు లేస్తాయో!

చిన్నపిల్లల్ని ఆడించడం పెద్దపిల్లలకి నేర్పాల్సిందే. ఒక పసిప్రాణం మన చేతుల్లో ఉందన్న భయం, బాధ్యత ఏ పుస్తకమూ నేర్పలేదు. అయితే అది గంటో రెండు గంటలో. బడి, పుస్తకం, ఆట మానుకుని కాదు. ముందుగా ఇంట్లో మగపిల్లాడి చేతికి ఇవ్వండి. పదేళ్ల అబ్బాయికి పాలసీసా కడగడం వస్తే పాతికేళ్లకి వాడి భార్య బతుకు కొంత సులువవుతుంది.

సెలవుల్లో ఓ రెండు రోజులు పిల్లల స్నేహితుల్ని ఇంటికి పిలవండి. చాపలేసి, లైట్లు తీసేసి, ఫోన్లన్నీ ఒక డబ్బాలో పెట్టి, కథ చెప్పండి. 'ఊఁ' కొట్టడం నేర్పండి.

మరొక్క మాట. మీ కుటుంబంలోనూ ఓ పెద్దక్క ఉండే ఉంటుంది. అందర్నీ మోసి, తను ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన మనిషి. ఈసారి సెలవులకి ఆవిణ్ణి మీ ఇంటికి పిలవండి. పిల్లల్ని చూసుకోవడానికి కాదు. ఊరికే. మొదటి పంక్తిలో కూచోబెట్టి, వేడివేడి అన్నంలో పప్పూ నెయ్యీ వేసి, కొసరి కొసరి వడ్డించండి. చేతికి ఓ మంచి పుస్తకం ఇచ్చి, ఇంట్లో ఏ చంటిపిల్ల ఏడ్చినా సరే, ఆవిణ్ణి మాత్రం లేవనివ్వకండి.